స్వర్ణముఖి లోయ పాత టోపో షీట్లు: స్కానింగు నుంచి ఏటి గట్టు దాకా నా అనుభవం

2021 నవంబరు వరదల తర్వాత ‘ఏరు తన పాతదారి పట్టింది’ అనే మాట చంద్రగిరి నుంచి తిరుచానూరు దాకా చాలామంది నోట విన్నాను. ఆ పాతదారి ఏదో కాగితం మీద చూపించడానికి పెట్టుకున్న పని ఇది. స్వర్ణముఖి లోయ పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లను (కొండలు, ఏళ్లు, ఊళ్లు చూపే పటాలు) సంపాదించి, స్కాన్ చేసి, నేటి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టి, ఏటి గట్లనూ చెరువు కట్టలనూ గీసుకునేదాకా ఏం చేయాలో, ఎక్కడ తప్పుతుందో రాస్తున్నాను. ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. షీటు అచ్చయిన సంవత్సరాన్ని నమ్ముకుని మొదలుపెడితే పనంతా పాడవుతుంది. ఒకే షీటులో రోడ్డుకొక వయసు, ఏటికొక వయసు ఉంటుంది.

షీటు నంబరు దగ్గరే చాలామంది తడబడతారు. 12 నుంచి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య ఉన్న చదరానికి 57 అని పేరు. దాన్ని డిగ్రీకొకటి చొప్పున పదహారు గళ్లు చేసి, ఎడమ నిలువు వరుసలో పైనుంచి కిందికి, తర్వాత పక్క వరుసలో మళ్లీ పైనుంచి కిందికి ఇంగ్లీషు అక్షరాలు వేశారు. మన ప్రాంతం 57 ఓ. ఇది అక్షరం ఓ, సున్నా కాదు. వెతికేటప్పుడు సున్నా కొడితే ఏమీ దొరకదు. ఆ ఒక్క డిగ్రీ గడిని మళ్లీ 15 నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) చొప్పున పదహారు షీట్లు చేసి అదే వరుసలో 1 నుంచి 16 దాకా నంబర్లిచ్చారు. తిరుపతి, చంద్రగిరి, తొండవాడ, తిరుచానూరు 57 ఓ/6లో పడతాయి. రేణిగుంట, గాజులమండ్యం 57 ఓ/10లోకి వెళ్తాయి, ఎందుకంటే 79°30′ రేఖ తిరుచానూరుకీ రేణిగుంటకీ మధ్య పోతుంది. పాకాల వైపు పైభాగం కావాలంటే 57 ఓ/3, చిత్తూరు పట్టణానికి 57 ఓ/4. శ్రీకాళహస్తి దాదాపు 13°45′ రేఖ మీదే ఉంది కాబట్టి అక్కడ ఏటిని చూడాలంటే 57 ఓ/9, 57 ఓ/10 రెండూ పక్కపక్కన పెట్టుకోక తప్పదు.

ఇప్పటి 1:50,000 ఓపెన్ సిరీస్ షీట్లు సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి. వాటి నంబర్ల పద్ధతి వేరు, కాబట్టి పాత నంబరుకీ కొత్త నంబరుకీ పట్టిక చూసుకోవాలి. పాతవాటికి, అంటే అంగుళానికి మైలు చొప్పున గీసిన 1:63,360 షీట్లకు, ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ లాంటి చోట్ల వెతకాలి. అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ 1950ల్లో తయారుచేసిన 1:250,000 యూ502 వరుస టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం సైటులో ఉచితంగా ఉంది. మన ప్రాంతం ఎన్‌డీ 44 కింద వస్తుంది. లోయ మొత్తాన్ని ఒక్క చూపులో చూడ్డానికి అది బాగుంటుంది గానీ ఏటి గట్టు కొలవడానికి పనికిరాదు. లెక్క చూడండి. కాగితం మీద అర మిల్లీమీటరు గీత 1:250,000లో 125 మీటర్లు. అదే అంగుళం షీటులో సుమారు 32 మీటర్లు, 1:50,000లో 25 మీటర్లు. ఏ స్కేలు షీటు తీసుకున్నా ఈ అంకెను ముందు పుస్తకంలో రాసుకుంటాను. అంతకన్నా సన్నగా ఆ షీటు ఏమీ చెప్పలేదు.

ఇక వయసు సంగతి. షీటు అడుగు మార్జిన్‌లో మూడు వేరువేరు తేదీలు ఉండొచ్చు: సర్వే చేసిన సంవత్సరాలు, ప్రచురించిన సంవత్సరం, మళ్లీ అచ్చువేసిన సంవత్సరం. మళ్లీ అచ్చువేసేటప్పుడు చాలాసార్లు రోడ్లూ రైలు మార్గాలూ మాత్రమే దిద్దుతారు. ఏరు పాత సర్వేలో ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. కొత్త రోడ్డు కనిపించింది గదా అని ఏటిని కూడా ఆ ఏడాదిదే అనుకుంటే ముప్పై, నలభై ఏళ్ల తేడా వచ్చేస్తుంది. మార్జిన్‌లోనే చిన్న చతురస్రం ఒకటి ముక్కలు ముక్కలుగా గీసి ఉంటుంది. షీటులో ఏ భాగం ఏ ఏడాది సర్వే చేశారో అది చెబుతుంది. కత్తిరించిన కాపీల్లోనూ చవక జెరాక్సుల్లోనూ మొదట పోయేది అదే. మార్జిన్ లేని షీటును నేను తీసుకోను.

మార్జిన్ ఉన్నా లోపలి ఆనవాళ్లతో సరిచూసుకోవాలి. మన దగ్గర అందుకు మంచి గుర్తులున్నాయి. చంద్రగిరి తాలూకా ‘నార్త్ ఆర్కాట్’ జిల్లాలో ఉందంటే ఆ సమాచారం 1911 ఏప్రిల్‌కు ముందుది, ఎందుకంటే చిత్తూరు జిల్లా ఏర్పడింది అప్పుడే. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు, రెండోది 1974లో. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954. కల్యాణి డ్యామ్ 1970ల్లో వచ్చింది. ఘాట్ రోడ్డు ఉండి, డ్యామ్ లేక, పాకాల–తిరుపతి మార్గానికి మీటర్ గేజి గుర్తు ఉందంటే ఆ షీటు ఏ కాలానిదో ఒక అంచనా దొరుకుతుంది. అయితే ఇవన్నీ మనుషులు కట్టినవి, దిద్దుబాటులో ముందుగా చేరేవి. ఏటి సర్వే అంతకన్నా కొత్తది కాదని మాత్రమే ఇవి చెబుతాయి.

ఇంకా పాతవైన అంగుళానికి నాలుగు మైళ్ల అట్లాస్ షీట్లలో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉండవు. కొండల్ని చిన్న చిన్న గీతల నీడలతో చూపించారు. పేర్ల వర్ణక్రమం కూడా వేరు. తిరుపతి ‘ట్రిపెట్టీ’గా, శ్రీకాళహస్తి ఒట్టి ‘కాలహస్తి’గా కనిపిస్తాయి. మద్రాసు కార్యాలయాల ద్వారా వచ్చిన షీట్లలో మన ‘కండ్రిగ’ కొన్నిచోట్ల తమిళ ఉచ్చారణలో ‘కండిగై’ అయి ఉంటుంది. ఒక పల్లె మాయమైందని తేల్చేముందు పేరును నాలుగు రకాలుగా పలికి చూడాలి. ఈ షీట్లతో అసలు చిక్కు రేఖాంశం. మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని ఆధారంగా తీసుకున్నప్పటి విలువ, 1905 ప్రాంతంలో సరిదిద్దిన విలువ సుమారు రెండున్నర నిమిషాలు తేడాగా ఉంటాయి. మన అక్షాంశంలో ఒక నిమిషం రేఖాంశం అంటే 1.8 కిలోమీటర్లు. దిద్దుబాటు చేయకుండా కూర్చోబెడితే చంద్రగిరి కోట దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు తూర్పుకు జరిగిపోతుంది. అంత పెద్ద తేడా కనిపిస్తే షీటు తప్పని పక్కన పడేయొద్దు. మార్జిన్‌లో రేఖాంశం దిద్దుబాటు గురించిన గమనిక ఉందేమో చదవండి.

స్కానింగులో నాకు ఎక్కువ నష్టం జరిగింది. పెద్ద రోలర్ స్కానర్ ఉన్న ఒక షాపులో ఇస్తే బిల్డింగ్ ప్లాన్లకు పెట్టే నలుపు–తెలుపు పద్ధతిలోనే స్కాన్ చేశారు. గోధుమరంగు కాంటూర్లు, పసుపు సాగుభూమి, నీలం నీళ్లు అన్నీ పోయాయి. ఎండిన వాగు నల్లగీత, కాలిబాట నల్లగీత ఒకటైపోయాయి. రంగులో, కనీసం 300 డీపీఐ, వీలైతే 400, టిఫ్ ఫైలుగా కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి. జేపెగ్ కుదింపులో సన్నగీతల చుట్టూ మసక వస్తుంది. 300 డీపీఐలో అంగుళం షీటుకు ఒక పిక్సెల్ 5.4 మీటర్లు, 400లో 4 మీటర్లు. అంతకు మించి 600, 1200 పెట్టినా ఫైలు బరువు పెరగడం తప్ప గీత సన్నబడదు.

రోలర్ స్కానర్ కాగితాన్ని లాగే దిశలో కొంచెం సాగదీస్తుంది. పట్టుకోవడం తేలికే. 57 ఓ/6 లోపలి చట్రం తూర్పు–పడమర 27 కిలోమీటర్లు, ఉత్తర–దక్షిణం 27.7 కిలోమీటర్లు. అంగుళం షీటులో అది సుమారు 16.8 అంగుళాలు, 17.2 అంగుళాలు. 300 డీపీఐలో 5,040, 5,160 పిక్సెళ్లకు దగ్గరగా రావాలి. ముందు కాగితాన్నే స్టీలు స్కేలుతో కొలిచి, తర్వాత స్కానును కొలిస్తే, కాగితం ముడుచుకుందా, స్కానర్ సాగదీసిందా తెలిసిపోతుంది. రెండు దిశల్లో ఒకే నిష్పత్తిలో తగ్గితే భయం లేదు. ఒక దిశలోనే రెండు శాతం తేడా ఉంటే మళ్లీ స్కాన్ చేయించడం మేలు.

గుడ్డకు అంటించిన మడత షీట్లు ఇంకో రకం. మడత పెట్టడానికి వీలుగా కాగితాన్ని ముక్కలుగా కోసి, మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదిలి అంటించి ఉంటారు. ఒక మిల్లీమీటరు సందు అంటే నేల మీద 63 మీటర్లు. మొత్తం షీటును ఒకేసారి కూర్చోబెడితే ఒక్కో సందు దగ్గర ఏరు ఆ మేరకు ఎగిరి దూకినట్టు ఉంటుంది. ముక్క ముక్కను విడిగా కత్తిరించి, విడిగా కూర్చోబెట్టి, తర్వాత కలపాలి. విసుగ్గా ఉంటుంది గానీ దీనికి అడ్డదారి లేదు.

కూర్చోబెట్టే పనికి క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ చాలు. అందులోని జియోరెఫరెన్సర్ తెరిచి షీటు మీద 5 నిమిషాలకొకటి వచ్చే అక్షాంశ, రేఖాంశ గీతల కూడళ్లను బిందువులుగా ఇస్తాను. 15 నిమిషాల షీటుకు అవి నాలుగు వరుసల్లో నాలుగు చొప్పున పదహారు వస్తాయి. నాలుగు మూలలే ఇచ్చి వదిలేస్తే నడుమ కాగితం ఉబ్బిందో లేదో తెలియదు. కొన్ని షీట్ల మీద ఊదారంగులోనో ఎర్రగానో గజాల గ్రిడ్ గీతలు కూడా ఉంటాయి. అవి అక్షాంశ రేఖలు కావు, కొంచెం వాలుగా పోతాయి. తొందరలో వాటి కూడలిని నొక్కితే ఆ ఒక్క బిందువు షీటునంతా వంచేస్తుంది.

విలువలు టైపు చేసేటప్పుడు 79°20′ను 79.20 అని కొట్టడం అందరూ చేసే పొరపాటు. అది 79.3333. తేడా 14 కిలోమీటర్లు. డిగ్రీ, నిమిషం, సెకను మధ్య ఖాళీ వదిలి 79 20 00 అని కొడితే సాఫ్ట్‌వేరే మార్చుకుంటుంది, కాబట్టి ఆ పద్ధతే మేలు. రూపాంతరం (కాగితాన్ని నేలకు సరిపెట్టే లెక్క) కింద పాలినామియల్ 2 ఎంచుకుంటాను. పాత షీట్లు పాలీకోనిక్ ప్రక్షేపంలో (గుండ్రటి భూమిని కాగితం మీద పరిచే ఒక పద్ధతి) ఉంటాయి, పై అంచు కింది అంచు కన్నా కొంచెం పొట్టి. 57 ఓ/6లో ఆ తేడా నేల మీద సుమారు 29 మీటర్లు. పాలినామియల్ 1 దాన్ని సర్దలేదు. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో లెక్క వాడితే మిగులు దోషం (బిందువు ఉండాల్సిన చోటుకీ లెక్కలో పడిన చోటుకీ తేడా) సున్నా అని చూపిస్తుంది, అది చూసి మురిసిపోకూడదు. మనం తప్పు నొక్కిన బిందువును కూడా అది నిజమనే తీసుకుని కాగితాన్ని దాని మీదికి లాగుతుంది. పాలినామియల్ 2లో ఏ బిందువుకైనా మిగులు మూడు నాలుగు పిక్సెళ్లు దాటితే, ముందు నా టైపింగు, తర్వాత కాగితం మడత చూస్తాను.

నిర్దేశక వ్యవస్థ దగ్గర నేటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పెట్టడం ఇంకో మామూలు తప్పు. పాత షీట్ల అంకెలు ఎవరెస్టు గోళాకృతి (భూమి ఆకారానికి అప్పట్లో వాడిన కొలతలు) మీద లెక్కించినవి. అందుకే ఈపీఎస్‌జీ (నిర్దేశక వ్యవస్థల కోడు) 4146, అంటే కల్యాణ్‌పూర్ 1975 ఎంచుకుని కూర్చోబెట్టి, తర్వాత వార్ప్ (ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి మార్పు) చేసి ఈపీఎస్‌జీ 32644కి, అంటే యూటీఎం 44 ఉత్తర మండలానికి మారుస్తాను. మార్పు విలువలు అడిగితే 295, 736, 257 ఉన్నదాన్ని తీసుకోవాలి. ఈ మెట్టు వదిలేస్తే తిరుపతి దగ్గర షీటు మొత్తం 200 మీటర్లకు పైగా ఆగ్నేయానికి జరిగి కూర్చుంటుంది. ఏటి వెడల్పే అంత ఉండే చోట ఇది చిన్న తప్పు కాదు. ‘ఏరు వాయవ్యానికి జరిగింది’ అని చూపించే పటాల్లో కొన్ని నిజానికి ఈ జారుడునే చూపిస్తుంటాయి. ఏరు ఒక్కటే జరిగిందా, రైలు మార్గమూ గుడీ చెరువు కట్టా అన్నీ అదే దిక్కుకు, అంతే దూరం జరిగాయా అని చూస్తే వెంటనే బయటపడుతుంది.

సరిచూడ్డానికి కదలని వస్తువులు కావాలి. మన లోయలో చంద్రగిరి కోట గోడలు, గోవిందరాజస్వామి గుడి, తొండవాడలో కల్యాణీ భీమా వచ్చి కలిసే చోటున్న అగస్త్యేశ్వరాలయం, పెద్ద చెరువుల కట్టలు బాగా పనికొస్తాయి. రోడ్డు మలుపులు వద్దు, అవి వెడల్పయినప్పుడల్లా జరుగుతాయి. ఊరి గుర్తు నడిబొడ్డు కూడా వద్దు. నేను కనీసం ఎనిమిది చోట్ల తేడా కొలిచి సగటు రాసుకుంటాను. గీత మందం 30 మీటర్లు, కూర్చోబెట్టడంలో 15, డేటం మార్పులో (పైన చెప్పిన ఎవరెస్టు నుంచి డబ్ల్యూజీఎస్ 84కి మార్చడంలో) 20 అనుకుని వర్గాలు కూడి మూలం తీస్తే సుమారు 40 మీటర్లు వస్తుంది. రెండు కాలాల షీట్లను పోల్చేటప్పుడు 80 మీటర్ల లోపు కదలికను నేను కదలికగా రాయను. ఈ నిబంధన పెట్టుకున్నాక ఏటిలో ‘మార్పు’ అనుకున్న చోట్లు సగానికి సగం జాబితాలోంచి వెళ్లిపోయాయి. మిగిలినవి నమ్మదగ్గవి.

గీసేటప్పుడు గుర్తుల్ని చదవడం తెలియాలి. ఎండిపోయే వంక నల్లగా, నీళ్లుండే ప్రవాహం నీలంగా ఉంటుంది. స్వర్ణముఖి లాంటి ఇసక ఏటికి రెండు గట్ల మధ్య చుక్కలు పోసి, నీళ్లు పారే పాయను మాత్రం సన్నగా నీలంలో చూపిస్తారు. ఆ నీలం పాయను ఏరనుకోవద్దు. అది సర్వే చేసిన ఆ సీజన్లో నీళ్లు పారిన చోటు మాత్రమే, తర్వాతి వరదకే మారిపోయి ఉండొచ్చు. గీయాల్సింది చుక్కల అంచును. చెరువుదీ అదే కథ. మనకు ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది, సర్వే పార్టీలు పొలం పని చేసేది చలికాలం మొదలు ఎండాకాలం దాకా. జనవరిలో చూసిన చెరువు నిండుగా, ఏప్రిల్లో చూసిన పక్క చెరువు సగానికి ఉంటాయి. నీలం విస్తీర్ణాలు పోల్చి చెరువు కుంచించుకుపోయిందని చెప్పకూడదు. కట్ట పొడవు, మొరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే దారి) ఉన్న చోటు పోల్చాలి, అవి సీజన్‌తో మారవు. కట్ట పక్కన 3ఆర్, 5ఆర్ లాంటి అంకె ఉంటే అది చుట్టుపక్కల నేల నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు.

కాంటూర్ల నుంచి పాత ఏటిగట్టు తీయాలని చూస్తారు కొందరు. అంగుళం షీటులో కాంటూరు 50 అడుగులకొకటి, కొత్త 1:50,000లో 20 మీటర్లకొకటి. శేషాచలం వాలు మీద అవి ఒత్తుగా ఉంటాయి గానీ తిరుచానూరు నుంచి కిందికి చదును నేలలో ఒక కాంటూరుకీ ఇంకోదానికీ మధ్య కిలోమీటర్ల దూరం. రెండు నిలువుల గట్టు కూడా ఆ సందులో కనబడకుండా పోతుంది. ఇలాంటి చోట గొలుసుకట్టు చెరువుల వరుసే దారి చూపిస్తుంది. పై చెరువు మొరవ నుంచి కింది చెరువుకు, అక్కడి నుంచి ఏటికి పోయే నల్లగీతల్ని విడి పొరగా గీసి, ఇప్పటి లేఅవుట్ల మీద పెడితే నీళ్లు నిలిచే వీధులు ఎందుకు నిలుస్తాయో తెలుస్తుంది. నా మటుకు నాకు ఈ పని మొత్తంలో జనానికి ఎక్కువ ఉపయోగపడేది ఏటి గట్టు కన్నా ఈ వంకల పొర.

ఇంతకన్నా సన్నగా కావాలంటే టోపో షీటు వదిలి గ్రామ పటానికి రావాలి. రైత్వారీ గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాలు, అంటే 1:3,960. అర మిల్లీమీటరు గీత రెండే మీటర్లు. ఏరు పోరంబోకు, వంక పోరంబోకు, చెరువు పోరంబోకు సర్వే నంబర్లతో సహా అందులో ఉంటాయి. కానీ అక్షాంశ రేఖాంశాలు ఉండవు. మూడు గ్రామాల హద్దులు కలిసే రాయి, గుడి, కట్ట చివర, తూము లాంటివి నేల మీద వెతికి కూర్చోబెట్టాలి. ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, సర్వే నంబర్ల కొలతల పుస్తకం) కాపీ తీసుకుంటే ప్రతి సర్వే నంబరు పక్క కొలతలు లింకుల్లో రాసి ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, 66 అడుగులు, 20.12 మీటర్లు. 250 లింకుల పక్క నేల మీద 50.3 మీటర్లు, గ్రామ పటం మీద సరిగ్గా అర అంగుళం ఉండాలి. పటం మీద అలాంటి పక్కలు అయిదారు కొలిస్తే కాపీ ఎంత సాగిందో తేలిపోతుంది. అమ్మోనియా ప్రింటు కాపీలు ఈ పరీక్షలో తరచూ తప్పుతాయి. ఒకటి గుర్తుంచుకోవాలి, పోరంబోకు హద్దు రెవెన్యూ హద్దు, వరద హద్దు కాదు. తగాదాలో నిలబడేది ఎఫ్‌ఎంబీ కొలత, టోపో షీటు మీద మనం గీసిన గీత కాదు. పటం చేతికి ఇచ్చేటప్పుడు ఈ మాట నోటితో చెప్పడంతో సరిపెట్టకుండా దాని మీదే రాయిస్తాను.

చివర నేల మీద నడవాలి. పొరల్ని ఫోనులో వేసుకుని పాత గట్టు గీత వెంట వెళ్తే, విశాలమైన చోట ఫోను అయిదు మీటర్ల తేడాలో చూపిస్తుంది, కొండ దాపున ఇంకా ఎక్కువ. వెతకాల్సింది గీతను కాదు, మట్టిని. పాత ఏటి పడకలో బోరు తవ్వినప్పుడు పైనుంచే ఇసక, గులకరాయి వస్తాయి. పక్క పొలంలో ఎర్రమట్టో నల్లరేగడో ఉంటుంది. ‘ఇక్కడ బావి తవ్వినప్పుడు ఎన్ని గజాల దాకా ఇసక పడింది తాతా?’ అని అడిగితే పెద్దవాళ్లు కచ్చితంగా చెబుతారు. ‘ఏరు ఎక్కడ ఉండేది?’ అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో వైపు చూపిస్తారు. ఆ బావుల లోతుల్ని తేదీతో సహా చుక్కలుగా ఎక్కించి, గీతకు 40 మీటర్ల లోపల ఎన్ని ఇసక బావులు పడ్డాయో లెక్కపెట్టి, పక్కనే షీటు నంబరు, సర్వే సంవత్సరం, బిందువుల ఫైలు పేరు రాసి దాచుకుంటాను. బిందువుల ఫైలు పోతే తర్వాత వచ్చేవాళ్లు నా గీతను సరిచూసే దారి ఉండదు.